మా కండక్టర్ మామయ్య ఎందుకు కూర్చోడంటే

మా కండక్టర్ మామయ్యకి మతి చెడిందని మా వాళ్లలో సగం మంది చెప్పుకుంటున్నారు. మిగతా సగం మంది మతి చెడలేదు, అది పొగరు అంటున్నారు. మీ చెవిన ఏది పడిందో నాకు తెలియదు గానీ, రెండూ తప్పే. అంత గట్టిగా ఎలా చెబుతున్నావంటారా? ఆ మొదటి మాట పుట్టించింది నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ పుట్టించినదాన్ని నేనే కాబట్టి, ఇంటింటికీ తిరిగి దాన్ని వెనక్కి తెచ్చుకునే పని కూడా నాదే.

మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. తను కూర్చోడు, ఎదుటివాళ్లని నిలబడనివ్వడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో నిలబడ్డ మనిషి. రిటైరై పదహారేళ్లయింది. డిపోవాళ్లు బ్యాగు తీసుకున్నారు, టిక్కెట్ల మిషను తీసుకున్నారు, విజిల్ మాత్రం అడగడం మర్చిపోయారు. అదే మా కొంప ముంచింది. నలుగురు మనుషులు ఒక్కచోట కనబడితే చాలు, ఆయన కంటికి అది బస్సే. జేబులోంచి విజిల్ తీస్తాడు. ఒక్కసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. "లోపల బోలెడంత ఖాళీ ఉంది, లోపలికి జరగాలి! జరగాలమ్మా, జరగాలి!"

పళ్ల డాక్టరు దగ్గర ఏం చేశాడో చెబితే నమ్మరు. బయట పదిమంది బుగ్గలు పట్టుకుని వరసలో ఉన్నారట. మామయ్య ఒక్కొక్కరి నోరు తెరిపించి చూసి, "నీది దిగే నొప్పి, నువ్వు ముందుకి. నీది ఎక్కే నొప్పి, ఇంకా టైముంది, వెనక్కి," అని అందరినీ మార్చి కూర్చోబెట్టాడు. తన వంతు వచ్చేసరికి డాక్టరు కుర్చీ చూపించాడు.

"కూర్చోండి."

"పర్లేదు, ఇలా కానివ్వండి."

"నిలబడితే పన్ను ఎలా పీకుతానండీ?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడే టిక్కెట్లు చింపాను. మీరు నిలబడి పన్ను పీకలేరా?"

చివరికి మామయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరే స్టూలెక్కాడు.

నా కొట్టు సంగతి సరే సరి. నాది బట్టలు కుట్టే కొట్టు. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. అందులో మిషను, కత్తిరింపుల బల్ల, కుట్టి ఇవ్వాల్సిన బట్టల మూటలు పోగా నాకు మిగిలేది నేను. ఒకసారి పెద్ద వాన. పదకొండు మంది ఆడవాళ్లు చూరు కింద నిలబడ్డారు. అప్పుడే మామయ్య వచ్చాడు. రెండుసార్లు విజిల్ ఊదాడు. మూటల మీద నలుగురిని, బల్ల మీద ముగ్గురిని, నా స్టూలు మీద ఒకావిణ్ణి, మిషను వెనకాల మిగతా ముగ్గురిని కూర్చోబెట్టాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే, వానలో ఉన్నది నేనూ ఆయనే.

"మామయ్యా, కొట్టు నాది!"

"నీది కాబట్టే నువ్వు సర్దుకోవాలి. రైట్ రైట్!"

ఇంటికొచ్చినా అంతే. కంచం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తింటాడు. కూర్చో మామయ్యా అంటే, "ఎందుకమ్మాయ్, ఐదు నిమిషాల్లో దిగిపోతాగా," అంటాడు. మూడు గంటలు కబుర్లు చెప్పి అప్పుడు దిగుతాడు.

ఇంత మనిషికి ఏడాదికోసారి పండగలా దొరికేది మా కుటుంబం కలిసే రోజు. పిల్లల సెలవుల్లో ఒక ఆదివారం మా అమ్మ వైపు వాళ్లమంతా ఒక్కచోట చేరతాం. తక్కువలో తక్కువ నూటపాతిక మంది. బట్టల కొట్టు మీద, రెండో అంతస్తులో అద్దెకి తీసుకునే హాలు. మధ్యలో నాలుగు స్తంభాలు. పైన ఎనిమిది ఫ్యాన్లు. వాటిలో మూడు తిరుగుతాయి, రెండు చప్పుడు చేస్తాయి, మిగతావి చూస్తుంటాయి. హాలంతా ప్లాస్టిక్ కుర్చీలు. ముందు మాత్రం, అందరికీ ఎదురుగా, ఎర్ర గుడ్డ వేసిన ఏడు మెత్తటి కుర్చీలు. అవి పెద్దవాళ్లవి. మా అమ్మ, ఆవిడ తోబుట్టువులు, వాళ్ల మొగుళ్లు, పెళ్లాలు, మొత్తం ఏడుగురు. ఆ తరంలో ఎనిమిదోవాడు మామయ్య. అందరికన్నా చిన్నవాడు. ఆయనకి ఎప్పుడూ కుర్చీ వెయ్యలేదు, ఆయనా అడగలేదు.

ఆ రోజు ఆయన హాలు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లని వచ్చినట్టు సీట్లకి తోలేవాడు. ఎవరికి ఎక్కడ కూర్చోవాలని ఉంటే అక్కడ కూర్చోనివ్వడు. "నువ్వు ఆ స్తంభం వెనక్కి. నువ్వు ఎడమ గోడ పక్కకి, చివర. నువ్వు లే, లే, ఈ అన్నయ్య పక్కన కూర్చో."

"ఎందుకు మామయ్యా, ఇక్కడ ఫ్యాను ఉంది."

"బండి ఒక పక్కకి ఒరుగుతోంది. బరువు సమంగా ఉండాలి."

ఎవరు అడిగినా అదే జవాబు. సన్నగా పుల్లలా ఉన్నవాళ్లని జరిపినా బరువే, లావుపాటివాళ్లని జరిపినా బరువే. మేం వెనక కూర్చుని ఆయనలాగే ముక్కుతో మాట్లాడి, విజిల్ ఊది నవ్వుకునేవాళ్లం. ఆ వెనక వరస నాది. పాతికేళ్లుగా నాది. అల్లరంతా అక్కడే.

ఇక్కడి నుంచి సిగ్గుపడే భాగం.

ముందు వరసలో కుర్చీలు ఏడాదికొకటి ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక ఏడాది ఆరుగురు, ఒక ఏడాది నలుగురు. పోయిన ఏడు అమ్మ ఒక్కతే మధ్య కుర్చీలో కూర్చుని, మిగతా కుర్చీల మీద తన చేతిసంచీ, కళ్లజోడు, విసనకర్ర పరుచుకుంది. "అందరూ వచ్చినట్టే ఉంటుందిలే," అంది. మొన్న చలికాలంలో అమ్మ కూడా పోయింది.

ఈ ఏడు నేను జుట్టుకి రంగు వేయించుకున్నాను. మడమ ఎత్తున్న కొత్త చెప్పులు కొన్నాను. వెళ్లి నా వెనక వరసలో, చిన్నవాళ్ల మధ్య కూర్చుని ఏదో జోకు చెబుతున్నాను. ముందు నుంచి ఒక్క విజిల్. హాలంతా ఆగిపోయింది.

"అమ్మాయ్! టైలరమ్మా! ముందుకి రా."

"ముందెందుకు మామయ్యా, ఇక్కడ బాగానే ఉందిగా."

"ముందంతా ఖాళీ అయిపోయిందమ్మా. బండి తేలిపోతోంది. వచ్చి ఈ మధ్య కుర్చీలో కూర్చో."

మధ్య కుర్చీ. మా అమ్మది. ఆ ఎర్ర గుడ్డ వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకున్నాను. నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. అంతలో నా పక్కనున్న పిల్లెవరో లేచి, "జరగండి, జరగండి, అమ్మమ్మగారికి దారివ్వండి!" అంది. నలుగురు నవ్వారు.

"ఎవరే అమ్మమ్మ? నాకింకా యాభై ఆరే!" అన్నాను గట్టిగా.

మామయ్య అక్కడి నుంచే, "టిక్కెట్టు దగ్గర అందరూ వయసు తగ్గించే చెబుతారమ్మా," అన్నాడు.

ఇక హాలు హాలంతా నవ్వింది. నూటపాతిక మంది. వంటవాళ్లు గరిటెలతో వచ్చి మరీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, నోటికొచ్చింది అనేశాను.

"నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా మామయ్యా? ఇది బస్సు కాదు. నీ బస్సు ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి నువ్వెవరు? ముందు నువ్వు కూర్చో! మతి చెడినవాడి మాట వింటున్న మమ్మల్ని అనాలి."

నవ్వులు ఆగిపోయాయి. మామయ్య నా వైపు చూశాడు. విజిల్ చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. ఆ చొక్కా నేను కుట్టిందే.

అక్కడైనా ఆగానా? లేదు. మా తమ్ముడి కొడుకులు ఇద్దరున్నారు. జిమ్ముకి వెళ్లి పెంచిన కండలు ఎక్కడ వాడాలో తెలియక తిరుగుతున్నవాళ్లు. "తాతయ్యని కూర్చోబెట్టండిరా," అన్నాను. వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? చెరో పక్కా చంకల కింద చేతులు వేసి ఎత్తారు. మామయ్య కాళ్లు గాల్లో ఊగాయి. తీసుకెళ్లి మధ్య కుర్చీలో దింపారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను మహారాణిలా చేయి ఊపి, "ఇవాళ ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చోండి!" అన్నాను.

పావుగంట. పావుగంట చాలింది మా కుటుంబానికి.

మాలో ప్లంబరు ఒకడు, ఎలక్ట్రీషియన్ ఒకడు ఉన్నారు. సొంత అన్నదమ్ములు. ఆరేళ్ల కిందట తమ్ముడు ఫ్యాను స్విచ్చి కోసం గోడకి డ్రిల్లు పెడితే, అది పోయి అన్న వేసిన పైపుకి తగిలింది. వంటిల్లు చెరువయింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఏటా మామయ్య ఒకణ్ణి ఈ స్తంభం వెనక, ఇంకొకణ్ణి ఆ స్తంభం వెనక కూర్చోబెట్టేవాడు. ఇవాళ ఫ్యాను కింద ఖాళీ కనబడి ఇద్దరూ రెండు వైపుల నుంచి వచ్చి ఎదురెదురుగా కూర్చున్నారు.

"చూసి డ్రిల్లు పెట్టాలి," అన్నాడు అన్న, ఆరేళ్ల తర్వాత మొదటి మాటగా.

"చెప్పి పైపు వెయ్యాలి," అన్నాడు తమ్ముడు.

అంతే, ఆగిపోయిన చోటి నుంచి మళ్లీ మొదలైంది. ఒకడు గోడ మీద వేలితో పైపు గీసి చూపిస్తున్నాడు, ఇంకొకడు దాన్ని అరచేత్తో చెరిపేస్తున్నాడు.

ఇటు వడ్రంగి బావ పక్కన ఆయన వియ్యంకుడు కూర్చున్నాడు. "బావగారూ, బాగున్నారా?" అన్నాడు. బావ ఎటో చూస్తున్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి ఇంకాస్త గట్టిగా అన్నాడు. బావ జేబు రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. "పిల్లనిచ్చినందుకు పలకరిస్తే పలకని స్థితికి వచ్చామన్నమాట. నా చెప్పులెక్కడ?"

అన్నిటికన్నా నన్ను కోసేసింది మా నర్సు చెల్లి. పిన్ని కూతురు. వాళ్లాయన నాలుగు నెలల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పుకోలేదు, నాకూ అప్పటికి తెలీదు. ఒక్కతే వచ్చింది. వచ్చి, ఖాళీ ఉందని నలుగురు వదినల మధ్య కూర్చుంది.

"మీ ఆయనేడీ?"

"రాలేదొదినా."

"డ్యూటీయా?"

"ఊఁ."

"ఆదివారం కూడానా? పోయిన ఏడు కూడా రాలేదుగా?"

"ఏం, మేమంటే పడదా ఆయనకి?" అంది ఇంకో వదిన.

చెల్లి చెయ్యి కడుక్కుని వస్తానని లేచింది. అప్పటికింకా ఎవరూ ఏమీ తినలేదు. తలుపు తీసుకుని మెట్ల వైపు వెళ్లిపోయింది.

అప్పుడు నా చూపు ముందు వరసకి పోయింది. మామయ్య కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, తలుపు వైపే చూస్తూ, ముందుకి ఊగాడు. లేవలేదు. వెనక్కి పడ్డాడు. మళ్లీ ఊగాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారి కణతల నరాలు ఉబ్బాయి. ఎవరూ చూడటం లేదని చుట్టూ చూసుకుని, ఏమీ జరగనట్టు చొక్కా సర్దుకున్నాడు.

గబగబా వెళ్లాను.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదు. కుర్చీ మెత్తగా ఉంది."

"లేస్తావా?"

"లేస్తాను. నువ్వటు చూడు."

అటు చూశాను. పది లెక్కపెట్టి ఇటు తిరిగాను. అక్కడే ఉన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు, పెదాలు కదలకుండా. "నేను కూర్చుంటే లేవలేనే. ఆరేళ్లయింది. మోకాళ్లు వంగుతాయి, తిరిగి రావు."

"అయ్యో! మరి చెప్పొచ్చుగా?"

"చెబితే మా అబ్బాయి మంచమెక్కిస్తాడు. నిలబడ్డవాడు లేవక్కర్లేదుగా. అలా నెట్టుకొస్తున్నాను."

"నేను చెయ్యిస్తాను, లే."

"ఇంతమంది చూస్తుండగానా? ఇప్పుడేగా గాల్లో తేలి వచ్చాను. చాల్లే. నా సంగతి తర్వాత, ముందు ఆ నర్సు పిల్ల సంగతి చూడు. మెట్ల మీద ఒక్కతే ఉంటుంది. దాన్ని తెచ్చి నడుంనొప్పి అన్నయ్య పక్కన పడెయ్యి."

నడుంనొప్పి అన్నయ్య మా వాళ్లందరికీ భయం. నోరు తెరిస్తే ఆయన నడుం గురించే. పక్కన కూర్చున్నవాళ్లకి ఒక్క ముక్క మాట్లాడే సందివ్వడు.

"ఆయన పక్కనా! పాపం దానికి మళ్లీ అదో శిక్షా?"

"పిచ్చిదానా, వాడు ఎవర్నీ ఏమీ అడగడే! వాడి నడుం వాడికి చాలు. అడక్కుండా ఉండే మనిషి ఈ హాల్లో వాడొక్కడే. ఆ పిల్ల మొహం చూస్తే తెలీడం లా, ఏదో అయిందని? ఆ వడ్రంగిని ఎడమ గోడకి మార్చు. రంపం చప్పుడుకి వాడి ఎడమ చెవి పోయింది. గోడ అటుంటే మనుషులు ఇటే వస్తారు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? వాడే చెప్పుకోలేక ఛస్తున్నాడు. తలుపు దగ్గర ఒక్కొక్కరి మొహం చూస్తూ లోపలికి పంపిస్తాను కదా, తెలిసిపోతుంది. ఇక తలుపు దగ్గర అంతసేపు నా వల్ల కావడం లేదమ్మాయ్. అక్కడ కాకపోతే అందరి మొహాలూ కనబడేది ఈ ముందు వరస నుంచే. నువ్వు టేపు పెట్టకుండా, మనిషిని చూసి కొలత చెప్పేస్తావుగా. అందుకని నిన్ను పిలిచాను. ముసలిదానివైపోయావని కాదు." రంగేసిన నా జుట్టు వైపు చూశాడు. "ముసలిదానివి అయ్యావు కూడా అనుకో. అది వేరే సంగతి."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బరువు, బరువు అని ఇన్నేళ్లు ఆయన అంటుంటే ముక్కుతో వెక్కిరించినదాన్ని. ఎవరి మనసు మీద ఏ బరువుందో చూసి సర్దుతున్నాడని ఒక్కనాడైనా తట్టలేదు. పైగా నూటపాతిక మందిలో మతి చెడినవాడన్నాను, కోడిపిల్లని ఎత్తినట్టు ఎత్తించాను. ఆ కొత్త చెప్పులతో నేల చీల్చుకుని దూరిపోతే బాగుండుననిపించింది.

కానీ దూరిపోవడానికి టైము లేదు. వియ్యంకుడికి ఒక చెప్పు దొరికేసింది.

మామయ్య జేబు గుండీ తీసి విజిల్ లాక్కున్నాను. ఊదితే ముందు ఉమ్మే వచ్చింది. రెండోసారి ఊదితే హాలు అదిరింది.

"ఫోటో! ఫోటో! అందరూ లేవండి!"

"ఫోటో భోజనాలయ్యాక కదక్కా?" అన్నాడు మా తమ్ముడు.

"వెలుతురు పోతోంది!"

"మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకా?"

"మబ్బు పడుతోంది!"

"హాల్లోనా?"

"నోరుమూసుకుని లేస్తావా, లేవవా?"

లేచారు. నూటపాతిక కుర్చీలు ఒక్కసారి బరబరా వెనక్కి జరిగాయి. ఆ చప్పుడులో, ఆ తోపులాటలో, నేను మామయ్య ముందుకెళ్లి వంగి, ఆయన రెండు చేతులూ నా మెడ చుట్టూ వేయించుకుని ఒక్క ఊపు లాగాను. నా చెప్పు మడమ ఫట్టుమని విరిగింది. మామయ్య లేచి నిలబడ్డాడు. ఒక్కరూ చూడలేదు. ఎవరి జుట్టు వాళ్లు సర్దుకుంటున్నారు.

నిలబడగానే మనిషి మారిపోయాడు. "ఫోటో అయ్యాక ఎవరి కుర్చీలోకి వాళ్లు కాదు! నేను చెప్పిన కుర్చీలోకి! స్తంభం వెనక్కి, స్తంభం వెనక్కి! కరెంటూ నీళ్లూ ఒక్కచోట ఉండకూడదు!" వియ్యంకుణ్ణి నేనే చేయి పట్టుకుని తీసుకెళ్లి బావకి కుడి పక్కన కూర్చోబెట్టాను. "బాగున్నారా బావగారూ?" అని ఈసారి బావే ముందు పలకరించాడు. వియ్యంకుడు రెండో చెప్పు వెతకడం మానేశాడు. మెట్ల మీద నుంచి చెల్లిని తీసుకొచ్చాను. ఏమీ అడగలేదు. నేను, అడక్కుండా ఉండటం! ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. నడుంనొప్పి అన్నయ్య పక్కన కూర్చోబెట్టిన పది నిమిషాలకి, ఆ పిల్ల ఆయనకి ఎలా వంగాలో, ఎలా వంగకూడదో చూపిస్తూ పకపకా నవ్వుతోంది.

నేను కుంటుకుంటూ వెళ్లి మధ్య కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే నిజంగానే అందరి మొహాలూ కనబడ్డాయి. పాతికేళ్లు వెనక కూర్చుని నేను చూసినవి తలకాయల వెనక భాగాలే. మామయ్య నా వెనక నిలబడి, కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మామయ్యా, తప్పయిపోయింది."

"ఏది?"

"ఆ మాట."

"ఏ మాట?"

"అదే, మతి గురించి..."

"నాకు గుర్తులేదమ్మా. మతి చెడింది కదా," అన్నాడు.

ఇక్కడితో అయిపోతే నేను ఈ కథ చెప్పేదాన్నే కాదు. నోట్లోంచి జారిన మాట ఆ హాల్లో ఉండిపోలేదు. నూటపాతిక మందితో పాటు మెట్లు దిగి, తలో బస్సూ ఎక్కి, తలో ఊరూ చేరింది. సాయంత్రానికి మామయ్యకి మతిమరుపు. మర్నాటికి కన్నకొడుకునే పోల్చుకోవడం లేదట. మూడో రోజుకి నాకే ఫోను చేసి, "మీ మామయ్యకి తల స్కానింగు తీశారటగా, పాపం!" అన్నారు. నాలుగో రోజు తెలిసింది, వాళ్ల అబ్బాయి ఆయన బస్సు పాసు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడని.

మామయ్యకి ఆ పాసు ఊపిరి. రోజూ పొద్దున పది గంటలకి ఏడో నంబరు బస్సు ఎక్కి, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి వస్తాడు. పాత డ్రైవర్లు, పాత ప్యాసింజర్లు, వాళ్ల మనవలు, అందరూ ఆ బస్సులోనే ఆయనకి కనబడేది. అది ఆగిపోతే ఇంకేముంది, గోడలు లెక్కపెట్టుకోవడమే.

కొట్టు మూసి పరిగెత్తాను. వాళ్ల అబ్బాయిది మందుల షాపు, ఇంటి ముందు గదిలోనే. మామయ్య లోపలి గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి నవ్వాడు గానీ, విజిల్ తియ్యలేదు.

"ఆయన పాసు ఆయనకిచ్చెయ్యి," అన్నాను.

"ఎలా ఇస్తానొదినా? తప్పిపోతే? నూటపాతిక మంది ముందు మతి చెడిందన్నది నువ్వేగా!"

"కోపంలో అన్నాను."

"ఊరికే కోపం వస్తుందా?"

షాపులో ముగ్గురు మందులు కొనేవాళ్లున్నారు. ముగ్గురూ నా వైపు తిరిగారు. తలనొప్పి బిళ్లకోసం వచ్చినాయన బిళ్ల నోట్లో వేసుకోకుండా ఆగిపోయాడు. మోకాళ్ల సంగతి చెబుదామంటే మామయ్య కళ్లతో వద్దన్నాడు. ఇక నా దగ్గర మిగిలింది నిజం ఒక్కటే.

"మా అమ్మ కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చుంటే పెద్దదాన్నయిపోతానని భయం వేసింది. ఆ భయానికి ఆయన్ని అన్నాను. ఆయన మతి నా మతికన్నా శుభ్రంగా ఉంది."

"అంటే పెద్దదానివి కాలేదనా?"

"అయ్యాను."

"హాల్లో యాభై ఆరన్నావు?"

"యాభై ఎనిమిది," అన్నాను. గుమ్మంలోంచి మామయ్య దగ్గాడు. "యాభై తొమ్మిది," అన్నాను.

తలనొప్పాయన బిళ్ల మింగేశాడు. వాళ్ల అబ్బాయి నవ్వాపుకోలేక బీరువా తాళం తీశాడు. పాసు ఇచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఒంటరిగా వెళ్లకూడదు, ఎవరో ఒకరు తోడుండాలి. మంగళవారాలు నా కొట్టు సెలవు. ఆ రోజు నేను వెళ్తున్నాను. సీట్లు ఖాళీగా ఉన్నా ఇద్దరం నిలబడే వెళ్తాం. మొదటి మంగళవారమే చెప్పాడు, ఒకసారి ఎవరో బలవంతంగా సీటిస్తే మొహమాటానికి కూర్చున్నాడట. ఇక లేవలేక ఆ చివరకీ ఈ చివరకీ మూడు ట్రిప్పులు తిరిగాడట. డ్రైవరు ఏంటి సార్ అంటే, "రూటు చెక్ చేస్తున్నా," అన్నాడట. నాలుగో ట్రిప్పులో ఒక లావుపాటావిడ బ్రేకుకి మీద పడబోయి ఆయన్ని పట్టుకుని లేస్తే, ఆవిడతో పాటు లేచాడట.

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేనేం ఎవరికీ చెప్పడం లేదు, మీకే చెబుతున్నాను. వాళ్ల అబ్బాయి మందుల చీటీ తప్ప ఇంకేదీ చదవడు, ఆ భయం లేదు.

ఇక మిగతా ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ ఎవరో ఫ్రెండు తోడొస్తున్నాడని కొడుక్కి చెప్పి ఒక్కడే బయల్దేరుతున్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు, అడిగితే "నీకెందుకు" అంటాడు. అందుకని మీరెవరైనా పది గంటల వేళ ఏడో నంబరు బస్సు ఎక్కితే, వెనక తలుపు దగ్గర కడ్డీ పట్టుకున్న పెద్దాయన ఉన్నాడేమో ఒక్కసారి చూడండి. సీటివ్వబోకండి. దగ్గరగా వెళ్లి పక్కన నిలబడండి, బస్సు మలుపు తిరిగినప్పుడు మీ భుజం అందేంత దగ్గరగా. దిగాక నా కొట్టుకి ఒక ఫోను కొట్టి, ఇవాళ ఆయన మొహం ఎలా ఉందో చెప్పండి.